గులాబీలకి ఎర్రనల్లి పడితే

ఏప్రిల్ ఎండలకి మేడ మీద గులాబీల ఆకులు ఇసుక చల్లినట్టు తెల్ల చుక్కలతో పాలిపోయాయి. నీళ్లు చాలట్లేదనుకుని రెండు పూటలా పోశాను. షాపులో ఇచ్చిన పురుగుమందు కొడితే ఇంకా పెరిగింది. ఆ చుక్కలకి కారణం ఎర్రనల్లి. అది అసలు పురుగు కాదు, సాలీడు చుట్టం; ఆ మందు దాన్ని తినే పురుగుల్నే చంపింది కాబోలు. తెల్ల కాగితం మీద ఆకు దులిపితే, ఆవగింజలో పావు వంతు కూడా లేని చుక్కలు నడుస్తున్నాయి!

బాగా పాడైన ఆకులు తుంచి, కవర్లో మూట కట్టి పారేశాను. రోజూ పొద్దున్నే పైపుతో ఆకుల అడుగున గట్టిగా నీళ్లు కొట్టాను. సాయంత్రాలు లీటరుకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి స్ప్రే చేశాను. మిగిలిన గుడ్లు పిల్లలవుతాయి కాబట్టి 5 రోజులకోసారి, మూడుసార్లు. గంధకం పొడి కూడా పనిచేస్తుంది గానీ ఆ ఎండలో ఆకులు మాడతాయని దాని జోలికి పోలేదు. మూడో వారానికి ఎర్రటి చిగురు వచ్చింది, ఒక్క చుక్క లేకుండా.