సీలియాక్ ఉన్నవారు తిండిలో దాగిన గ్లూటెన్‌ను ఎలా పట్టుకోవాలి?

చపాతీ, పూరీ, ఉప్మా అన్నీ మాన్పించాం, అయినా పిల్లాడికి కడుపుబ్బరం, విరేచనాలు తగ్గట్లేదని టెన్షన్ పడే తల్లులు ముందు వంటింట్లోనే వెతకాలి. సీలియాక్ జబ్బు ఉంటే గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ధాన్యం, ఆవాలు కాదు) గింజల్లోని గ్లూటెన్ అనే ప్రొటీన్ కొంచెం చేరినా చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు అన్నం, చోడి (రాగి) అంబలి అలవాటే కాబట్టి మనకు సగం పని తేలిక.

మొదట ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదవండి. అసలు ఇంగువ చెట్టు వేరు నుంచి కారే జిగురు. ఘాటు మరీ ఎక్కువ కాబట్టి పిండి కలిపి అమ్ముతారు. చాలా డబ్బాల్లో ఆ పిండి గోధుమో, మైదానో! పప్పుచారు, పులిహోర, అప్పడాలు, కొన్ని పచ్చళ్లు, అన్నిటిలోకీ అలాగే చేరుతుంది. బియ్యప్పిండి కలిపిన ఇంగువ తెచ్చుకోండి. దొరక్కపోతే వెల్లుల్లి తాలింపు చాలు.

తర్వాత పిండి మర. చోళ్లలో గ్లూటెన్ లేదు, కానీ మీకంటే ముందు ఎవరో గోధుమలు ఆడించి ఉంటారు. ఆ పిండి మరలోనే అంటుకుని ఉండి మీ సంచిలోకి వస్తుంది. పొద్దున్నే వెళ్లినా నిన్నటి పిండి లోపల ఉంటుంది. చోళ్లు కడిగి ఆరబెట్టి, ఇంట్లోనే మిక్సీ పట్టుకోవడం మేలు. జల్లెడ కూడా వేరేది పెట్టుకోండి.

ప్యాకెట్ల మీద 'మాల్ట్' అని ఉంటే సాధారణంగా అది బార్లీయే. పిల్లలకు పాలలో కలిపే పొడుల్లో చూడండి. సోయా సాస్‌లోనూ సాధారణంగా గోధుమ ఉంటుంది. 'గ్లూటెన్ ఫ్రీ' అని రాసినవాటిలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదన్నది మన దేశపు నిబంధన.

అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేసేది, మాడుగుల హల్వా గోధుమ పాలతో. ప్రసాదం కళ్లకద్దుకుని పక్కవారికి ఇచ్చేయండి, తప్పేమీ లేదు. హోటల్లో రవ్వ దోసె వద్దు. మామూలు దోసె అయినా రవ్వ దోసె వేసిన పెనం మీదే వేస్తారేమో అడగండి, పూరీలు వేయించిన నూనెలో తీసిన బజ్జీ కూడా ముట్టుకోవద్దు. పెళ్లి భోజనాలకు వెళ్తే ముందురోజే ఫోన్ చేసి, "పిన్నీ, వీడికి గోధుమ పడదు, డాక్టర్ వద్దన్నారు" అని చెప్పేయండి.

ఇంకా పరీక్ష చేయించనివారు మాత్రం అనుమానంతో ఇప్పుడే గోధుమ మానేయకండి. మానేశాక చేస్తే రక్తపరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు.