పీవీపీ సతాయిస్తోందా? బైండర్ నుంచి డీఎన్‌ఏ బఫర్ దాకా సమస్యలు, పరిష్కారాలు

ట్యాబ్లెట్‌లో ఏ తేడా వచ్చినా చాలామంది ముందు మెషీన్ దగ్గరికి వెళ్లి కంప్రెషన్ ఫోర్స్ మారుస్తారు. పొడిని అంటించి పట్టి ఉంచే బైండర్ పీవీపీ (పాలీవినైల్‌పైరోలిడోన్) అయితే ముందు బ్యాగు చూడమంటాను: ఏ కే గ్రేడు (అణువు సైజును, చిక్కదనాన్ని చెప్పే అంకె), ఎప్పుడు తెరిచారు, మళ్లీ ఎలా మూశారు. ఫార్మాకోపియాలో పోవిడోన్ అన్నా, ల్యాబ్‌లో పీవీపీ అన్నా ఒకటే. క్రాస్‌పోవిడోన్ మాత్రం వేరు, అది నీళ్లలో కరగదు.

ముద్దలు కడుతోంది

పొడి ఒక్కసారిగా కుమ్మరిస్తే పైపొర తడిసి జిగురవుతుంది, లోపలికి నీరు అందదు. స్టిరర్‌తో సుడి లేపి కొద్దికొద్దిగా చల్లండి. ఇప్పటికే ముద్దలు కట్టి ఉంటే వేగం పెంచకండి, నురగ వస్తుంది. నెమ్మదిగా తిప్పుతూ వదిలేస్తే అవే కరుగుతాయి. ఎంతసేపు తిప్పినా తెల్లగా అడుగుకు దిగుతుంటే డబ్బా మారినట్టే, చేతిలో ఉన్నది క్రాస్‌పోవిడోన్.

ద్రావణం స్ప్రే కావడం లేదు

కే-30 బదులు కే-90 వచ్చిందేమో చూడండి. 20 డిగ్రీల దగ్గర 10 శాతం ద్రావణం చిక్కదనం కే-30కి 5.5 నుంచి 8.5 మిల్లీపాస్కల్ సెకన్లు, కే-90కి 300 నుంచి 700. కే-90నే వాడాల్సి వస్తే బైండర్ శాతం తగ్గించి, ద్రావణం పల్చగా చేసుకోవాలి.

ట్యాబ్లెట్ పైభాగం టోపీలా ఊడుతోంది

గ్రాన్యూల్స్ (బైండర్‌తో కట్టిన పొడి రేణువులు) మరీ ఎండిపోయి ఉండొచ్చు, ఫైన్స్ (మరీ సన్నని పొడి) ఎక్కువై గాలి ఇరుక్కుని ఉండొచ్చు, బైండర్ చాలకపోవచ్చు. ఈ వరుసలోనే వెతకండి. ఎల్‌ఓడీ (ఎండబెడితే తగ్గే బరువు, అంటే మిగిలిన తేమ) చూసుకుని, మెషీన్ వేగం తగ్గించి, ప్రీ-కంప్రెషన్ (అసలు నొక్కుకు ముందు వేసే చిన్న నొక్కు) పెంచి చూశాకే బైండర్ జోలికి వెళ్లండి. సాధారణంగా 2 నుంచి 5 శాతం సరిపోతుంది. తొందరపడి పెంచితే ఈ సమస్య పోయి కింది సమస్య వస్తుంది.

గట్టిగానే ఉంది, డిసల్యూషన్ (మందు కరిగే పరీక్ష) ఫెయిల్ అవుతోంది

బైండర్ ఎక్కువైంది, లేదా తడి ముద్దను మిక్సర్‌లో అవసరానికి మించి తిప్పారు. మిక్సింగ్‌ను ఇంకాస్త ముందే ఆపండి. ట్యాబ్లెట్ త్వరగా విడిపోవడానికి 2 నుంచి 5 శాతం క్రాస్‌పోవిడోన్‌ను కొంత గ్రాన్యూల్ లోపల, కొంత బయట వేయండి. మందు అణువులో ఫినాల్ గుంపులు ఉంటే పీవీపీ వాటిని హైడ్రోజన్ బంధంతో పట్టుకుంటుందని కూడా గుర్తుంచుకోండి.

వానాకాలంలో పంచ్‌లకు (ట్యాబ్లెట్‌ను నొక్కే లోహపు కడ్డీలకు) అంటుకుంటోంది

పీవీపీ గాలిలోని తేమను బాగా లాక్కుంటుంది. ముడిసరుకులో నీరు 5 శాతం మించకూడదని ఫార్మాకోపియా నియమం, కానీ తెరిచిన బ్యాగు ఆ హద్దు దాటడానికి జీడిమెట్లలోనైనా పరవాడలోనైనా ముసురు పట్టిన రోజు చాలు. పంచ్‌లకు పాలిష్ పెట్టించే ముందు గదిలో ఆర్‌హెచ్ (గాలిలో సాపేక్ష తేమ) రీడింగ్, గ్రాన్యూల్స్ ఎల్‌ఓడీ చూడండి.

స్టెబిలిటీలో (నిల్వ పరీక్షలో) కొత్త ఇంప్యూరిటీ పెరుగుతోంది

అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే, ఎందుకంటే బ్యాచ్ రిలీజ్ రోజున ఏమీ కనిపించదు. పీవీపీలో ఆక్సిజన్ వల్ల పెరాక్సైడ్లు పుడతాయి. హద్దు 400 పీపీఎం. సరుకు వచ్చిన రోజు సీఓఏలో (సరఫరాదారు ఇచ్చే పరీక్షా పత్రంలో) తక్కువే ఉంటుంది, బ్యాగు తెరిచి నెలల తరబడి ఉంచితే పెరుగుతుంది. మందులో టెర్షియరీ అమీన్ (మూడు కార్బన్ గుంపులు తగిలిన నైట్రోజన్) ఉంటే ఎన్-ఆక్సైడ్‌గా మారే ప్రమాదం ఉంది. ఎముకల బలహీనతకు వాడే రాలోక్సిఫెన్ ట్యాబ్లెట్లలో ఎన్-ఆక్సైడ్ ఏర్పడటానికి పోవిడోన్, క్రాస్‌పోవిడోన్‌లలోని పెరాక్సైడే కారణమని తేలింది.

అనుమానం తీర్చుకోవడానికి పాత లాట్ పీవీపీని, కొత్త లాట్‌ను విడివిడిగా మందుతో కలిపి 40 డిగ్రీలు, 75 శాతం ఆర్‌హెచ్ దగ్గర ఉంచండి. పాత లాట్‌లోనే ఇంప్యూరిటీ పెరిగితే దొంగ దొరికినట్టే. నైట్రోజన్ నింపిన చిన్న ప్యాకులు కొనండి, తెరిచినవి త్వరగా వాడేయండి, మిగిలినదానికి పెరాక్సైడ్ పరీక్ష మళ్లీ చేయించండి. యాంటీఆక్సిడెంట్ కలపడం, బైండర్ మార్చడం చివరి దారులు. అనుమతి కోసం నియంత్రణ సంస్థకు ఫైలింగ్ అయిపోయిన ప్రొడక్ట్‌లో వాటికి పట్టే పేపర్‌వర్క్ అనుభవించినవాళ్లకే తెలుసు. అంతకన్నా చిన్న ప్యాకుకు ఎక్కువ ధర పెట్టడం చవక.

మామిడి ఆకు డీఎన్‌ఏ గోధుమరంగులో వస్తోంది

ఆకుల నుంచి డీఎన్‌ఏ తీసే ల్యాబ్‌లోనూ పీవీపీ వాడతారు; ట్యాబ్లెట్‌లో చికాకు పెట్టిన హైడ్రోజన్ బంధమే ఇక్కడ పనికొస్తుంది. మామిడి, పత్తి ఆకుల్లో పాలీఫినాల్స్ ఎక్కువ. ఆకు నలగగానే అవి ఆక్సీకరణ చెంది డీఎన్‌ఏకు అంటుకుంటాయి, తర్వాత పీసీఆర్ (డీఎన్‌ఏ కాపీలు చేసే ప్రక్రియ) నడవదు. సీటాబ్ (కణాలను పగలగొట్టే డిటర్జెంట్) బఫర్‌లో 1 నుంచి 2 శాతం పీవీపీ-40 (అణుభారం దాదాపు 40,000 ఉన్న రకం) కలిపితే పాలీఫినాల్స్‌ను అది ముందే పట్టేసుకుంటుంది. ఆ జంటలో చాలా భాగం క్లోరోఫాం వేసి తిప్పినప్పుడు రెండు పొరల మధ్య ఆగిపోతుంది. కాబట్టి పిపెట్‌తో పై పొర తీసేటప్పుడు ఆ మధ్య పొర దగ్గరికి వెళ్లకండి, కొంత ద్రావణం పోయినా సరే.

పీవీపీ వేసినా రంగు వస్తుంటే ఆక్సీకరణను ఆపే మెర్కాప్టోఇథనాల్ ఎప్పుడు కలిపారో చూడండి. వాడే ముందే, ఫ్యూమ్ హుడ్‌లో కలపాలి. ముదురాకు మానేసి లేత ఆకు తీసుకోండి, లిక్విడ్ నైట్రోజన్‌లో నూరండి, పొడి కరగకముందే వేడి బఫర్‌లో వేయండి.

పెల్లెట్ రంగు లేకుండా బంకబంకగా ఉంటే అది పాలీశాకరైడ్, పీవీపీ ఎంత పెంచినా పోదు. దానికి ఉప్పు గాఢతను మామూలు 1.4 మోలార్ నుంచి పెంచాలి. ఇప్పటికే గోధుమరంగు పట్టిన పెల్లెట్‌ను కడుగుతూ కూర్చోవద్దు, కొత్త ఆకుతో మొదలుపెట్టండి.