రోహిణి కార్తెకి ముందే: లైనక్స్ మిషన్ల వేడి చూసుకునేవాళ్లకి జాగ్రత్తలు

మే నెల మధ్యాహ్నం గుంటూరులో పై అంతస్తు గది ఎలా కాలిపోతుందో కొత్తగా చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అంతకన్నా ముందే కంప్యూటర్లు మొరాయిస్తాయి. బ్రాడీపేట, అరండల్‌పేట సందుల్లో ఏసీ లేని గదుల్లో లైనక్స్ మిషన్లు నడుపుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకి చేతిలోనే ఒక సదుపాయం ఉంది. లోపలి వేడి, ఫ్యాన్ వేగం, బ్యాటరీ సత్తా అన్నీ కెర్నలే (హార్డ్‌వేర్‌ని నడిపించే లైనక్స్ లోపలి భాగం) చిన్న చిన్న ఫైళ్లుగా బయటపెడుతుంది. ఆ చోటు పేరు సిస్‌ఎఫ్‌ఎస్ (/sys అనే ఫోల్డర్), 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నల్ నుంచీ ఉంది. అవి డిస్క్ మీద దాచిన ఫైళ్లు కావు. మనం తెరిచినప్పుడు డ్రైవర్ (ఆ పరికరంతో మాట్లాడే ప్రోగ్రామ్) సమాధానం తయారుచేసి ఇస్తుంది. అందుకే మామూలు ఫైళ్లలా చూసి చేయి పెట్టకూడదు.

ముందు నాకు జరిగింది చెబుతాను. పోయినేడాది ఒక ట్రైనింగ్ సెంటర్ సర్వర్‌కి, వేడి 85 దాటితే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా స్క్రిప్ట్ రాశాను. సిస్‌ఎఫ్‌ఎస్‌లో సెన్సర్లకి నంబర్లతో ఉండే ఫోల్డర్లలో హెచ్‌డబ్ల్యూమాన్2 (hwmon2)లోని విలువ చదవమన్నాను. రాసిన రోజు అది సీపీయూ సెన్సరే. ఒకసారి కరెంటు పోయి వచ్చింది. మిషన్ మళ్లీ లేచేసరికి ఆ నంబరు ఎన్‌వీఎంఈ డిస్క్‌కి వెళ్లిపోయింది. పది రోజులు స్క్రిప్ట్ 44, 45 అంటూనే ఉంది, సర్వర్ మాత్రం మధ్యాహ్నాలు దానంతట అదే ఆగిపోతోంది. కేస్ విప్పి చూస్తే హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది. సెన్సర్ సరిగ్గానే చెప్పింది, నేను అడిగిందే వేరే సెన్సర్‌ని.

కాబట్టి నంబరుని నమ్మొద్దు. ప్రతి హెచ్‌డబ్ల్యూమాన్ ఫోల్డర్‌లో ‘నేమ్’ అనే ఫైల్ ఉంటుంది. అందులో కోర్‌టెంప్ అని ఉంటే ఇంటెల్ సీపీయూ, కె10టెంప్ అని ఉంటే ఏఎండీ, ఎన్‌వీఎంఈ అని ఉంటే డిస్క్. స్క్రిప్ట్ ఆ పేరు వెతికి పట్టుకోవాలి. ఏసీపీఐటీజెడ్ (బోర్డు ఫర్మ్‌వేర్ చెప్పే వేడి) అనే పేరు కనిపిస్తే దాని మీదే ఆధారపడకండి. కొన్ని బోర్డుల్లో అది రోజంతా ఒకే అంకె చూపిస్తుంది. సాటా డిస్కుల వేడి కావాలంటే 2020లో 5.6 కెర్నల్‌తో వచ్చిన డ్రైవ్‌టెంప్ మాడ్యూల్ ఎక్కించుకోండి, చదవడానికి రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజర్) అక్కర్లేదు. కానీ మరీ తరచుగా అడగొద్దు. కొన్ని డిస్కులు ఆ అడగడం వల్లే నిద్రలోకి వెళ్లవు.

అంకెల సంగతి. పక్క వీధిలో డీటీపీ చేసే అక్క ఒకసారి కంగారుగా ఫోన్ చేసింది. “తమ్ముడూ, ఇందులో 58000 అని ఉంది, మిషన్ ఆపేయమంటావా?” ఆ ఫైళ్లలో వేడి సెల్సియస్ డిగ్రీలో వెయ్యోవంతు లెక్కన ఉంటుంది. 58000 అంటే 58 డిగ్రీలు, కంగారు పడాల్సింది లేదు. మీ దగ్గర పనిచేసేవాళ్లకి ఆ విలువ చూపించేటప్పుడు వెయ్యితో భాగించే చూపించండి. లేకపోతే ఊరికే టెన్షన్.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ఫ్యాన్ గురించి. కొన్ని హెచ్‌డబ్ల్యూమాన్ ఫోల్డర్లలో వేడి చదివే ఫైల్ పక్కనే పీడబ్ల్యూఎం1 అనే ఫైల్ ఉంటుంది, అందులో రాస్తే ఫ్యాన్ వేగం మారుతుంది. చప్పుడు తగ్గుతుందని కొందరు మాన్యువల్‌కి మార్చి తమ స్క్రిప్ట్‌తో నడుపుతారు. ఆ స్క్రిప్ట్ మధ్యలో చచ్చిపోతే ఫ్యాన్ చివరిసారి చెప్పిన వేగంలోనే ఉండిపోతుంది, వేడి పెరిగినా ఫ్యాన్ వేగం పెరగదు. పొద్దున ఏడింటికి పెట్టిన వేగంతో మధ్యాహ్నం మూడు దాటించడం మిషన్‌ని చంపుకోవడమే. ఎండాకాలంలో ఫ్యాన్‌ని ఆటోమేటిక్‌లోనే వదిలేయండి. స్క్రిప్ట్‌ని రూట్‌గా నడపకపోతే పొరపాటున కూడా అక్కడ రాయలేదు. అనుమతి రావట్లేదని సిస్ ఫైళ్లకి 777 (ఎవరైనా రాసేలా అనుమతి) ఇచ్చేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. అదే సిస్ కింద ఈఎఫ్ఐ వేరియబుల్స్ (మిషన్ లేచేటప్పుడు వాడుకునే సెట్టింగులు) కూడా ఉంటాయి. 2016లో వాటిని చెరిపేసిన కొందరి ల్యాప్‌టాప్‌లు మళ్లీ లేవలేదు. ఆ తర్వాతే కెర్నల్ వాటిలో చాలావాటికి తాళం వేసింది.

అందరికీ ఏం కనిపించాలన్నది కూడా తేలిక విషయం కాదు. విద్యుత్ వాడకం లెక్క చూపే ఒక ఫైల్ ఎవరైనా చదివేలా ఉండేది. దాన్ని గమనిస్తూ రహస్య ఎన్‌క్రిప్షన్ కీలు రాబట్టవచ్చని 2020 నవంబర్‌లో ప్లాటిపస్ పేరుతో పరిశోధకులు చూపించారు. వెంటనే అది రూట్‌కి మాత్రమే పరిమితమైంది. మిషన్ సీరియల్ నంబరు ఫైల్ కూడా మామూలు యూజర్‌కి తెరుచుకోదు, మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరు) ఫైల్ మాత్రం తెరుచుకుంటుంది. అందుకని మిషన్ ఆగిపోయిందని సాయం అడుగుతూ వాట్సాప్ గ్రూపులో స్క్రీన్ ఫొటో పెట్టేముందు ఆ రెండు నంబర్లూ ఫొటోలో కనిపించకుండా చెరిపేయండి.

బీటెక్ ప్రాజెక్టుకి సెన్సర్ డ్రైవర్ రాస్తున్న పిల్లలకి ఒక మాట. ఒక ఫైల్‌లో ఒక విలువే పెట్టండి, అనుమతి 0444 (చదవడానికి మాత్రమే) చాలు. పేరు పెట్టేముందు బాగా ఆలోచించండి. ఒకసారి బయటపెట్టిన ఫైల్ మీద ఎవరి ప్రోగ్రామో ఆధారపడుతుంది, తర్వాత మారిస్తే అది విరుగుతుంది. సొంత పరీక్షలకి కావాల్సినవి డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (డెవలపర్ల పరీక్షలకి కెర్నల్ ఇచ్చే వేరే చోటు) పెట్టుకోండి.

దుమ్ము దులపడం, థర్మల్ పేస్ట్ మార్చడం ఏప్రిల్లోనే చేయించండి. మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం మెసేజ్ హద్దుని 85 నుంచి 40కి తగ్గించి ఫోన్ మోగుతుందో లేదో చూడండి. తర్వాత మిషన్ రీబూట్ చేసి, ఇంకోసారి చూసి, హద్దు మళ్లీ 85కి పెట్టండి.