స్పోర్ట్ టూరింగ్ టైర్లు: ఎంచుకోవడం, వాడుకోవడం ఎలా?

స్పోర్ట్ టూరింగ్ టైరు రెండు పడవల మీద కాళ్లు పెట్టిన సరుకు. హైవే మీద వేల కిలోమీటర్లు నిలబడాలి, కొండ మలుపుల్లో బైకును వాలిస్తే పట్టు వదలకూడదు, వానలో జారకూడదు, వెనక మనిషినీ సామాన్నీ మోయాలి. అన్నింట్లోనూ మొదటి మార్కు తెచ్చుకునే టైరు ఇంకా పుట్టలేదు. ఒక్కో కంపెనీ ఒక్కో వైపు కాస్త మొగ్గుతుంది, అంతే. అందుకని "ఏది బెస్ట్" అని వాకబు చేసేముందు, ఇన్నాళ్లూ మీ కింద అరిగిన టైరును ఒకసారి కూర్చుని చూడండి. మీరు బైకు ఎలా నడుపుతారో అది మీకంటే నిజాయితీగా చెబుతుంది.

1. పాత టైరును చదవండి

బైకును సెంటర్ స్టాండ్ మీదో, ప్యాడాక్ స్టాండ్ మీదో నిలబెట్టి, కళ్లను చక్రం ఎత్తుకు దించి వెనక నుంచి చూడండి. గుండ్రంగా ఉండాల్సిన వెనక టైరు నడుమ బల్లపరుపుగా కనబడితే మీ ప్రయాణం ఎక్కువగా తిన్నటి రోడ్డు మీదే సాగుతోందన్నమాట. ఇలాంటి టైరుతో మలుపులోకి వెళ్తే బైకు మొదట మొరాయిస్తుంది, చదును అంచు దాటగానే ఒక్కసారిగా పడినట్టు వాలుతుంది. చాలామంది దీన్ని సస్పెన్షన్ తప్పనుకుని స్క్రూలు తిప్పుతూ కూర్చుంటారు.

నడుమ బాగానే ఉండి పక్కలు అరిగితే మీరు మలుపుల మనిషి. అంచున ఒక వేలు వెడల్పు రబ్బరు ముట్టకుండా మిగిలిందని సిగ్గుపడనక్కర్లేదు. మామూలు రోడ్డు మీద ఆ రబ్బరు మిగిలి ఉండటమే క్షేమం.

ఇప్పుడు ముందు టైరు. ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల భాగం) మీద అరచేతిని ఒక దిశలో నిమరండి, తర్వాత ఎదురు దిశలో నిమరండి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపపు పళ్లలా గీసుకుంటే గాడుల అంచులు ఎగుడుదిగుడుగా అరుగుతున్నాయి. బ్రేకు పడ్డ ప్రతిసారీ ట్రెడ్ దిమ్మలు వంగుతాయి కాబట్టి కొద్దిగా ఇలా అవడం మామూలే. బాగా తగులుతుంటే ముందుగా గాలి తక్కువైందేమో చూడండి, ఆ తర్వాత ఫోర్క్ డ్యాంపింగ్ (ముందు షాక్ ఊగిసలాటను అదిమే సర్దుబాటు) సంగతి. ఈ రెండూ సరిచేయకుండా ఎంత ఖరీదైన టైరు వేసినా దాని గతీ అంతే.

ఒకపక్క రెండోపక్క కంటే కాస్త ఎక్కువ అరిగితే కంగారు పడకండి. ఎడమవైపు నడిపే రోడ్ల మీద కుడి మలుపు బయటి వరసలో తిరుగుతుంది, దాని చుట్టుకొలత పెద్దది. కుడివైపు నడిపే చోట ఇదే తలకిందులు.

2. సైజు మార్చకండి

ఈ తరగతి బైకుల్లో ఎక్కువగా కనబడే జత ముందు 120/70 జడ్‌ఆర్ 17, వెనక 180/55 జడ్‌ఆర్ 17. 180 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 55 అంటే ఆ వెడల్పులో 55 శాతం పక్కగోడ ఎత్తు. జడ్ అంటే గంటకు 240 కిలోమీటర్లు దాటిన వేగానికి చేసినది, ఆర్ అంటే రేడియల్ నిర్మాణం. 17 రిమ్ అంగుళాలు. ఆ తర్వాత ముందు టైరు మీద వచ్చే 58, వెనకదాని మీద వచ్చే 73 బరువు సూచీలు: 58 అంటే 236 కిలోలు, 73 అంటే 365 కిలోలు. చివరి అక్షరం వేగానిది: హెచ్ 210, వీ 240, డబ్ల్యూ 270 కిలోమీటర్లు గంటకు. బరువు సూచీ గానీ వేగపు అక్షరం గానీ మాన్యువల్ చెప్పినదానికంటే తగ్గకూడదు. ఎక్కువైతే ఫర్వాలేదు.

లావు టైరు వేస్తే బైకు అందంగా కనబడుతుందని 180 బదులు 190 వేయిస్తుంటారు. లెక్క చూడండి. 180లో 55 శాతం 99 మి.మీ., రెండు వైపులా కలిపి 198, దానికి 17 అంగుళాల రిమ్ 431.8 కలిపితే చక్రం ఎత్తు దాదాపు 630 మి.మీ. 190/55 అయితే 641. అంటే బైకు వెనక భాగం ఐదున్నర మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, వెనక చక్రం నుంచి వేగం తీసుకునే బైకుల్లో స్పీడోమీటర్ లెక్క మారుతుంది, ఏబీఎస్‌కూ ట్రాక్షన్ కంట్రోల్‌కూ ముందు వెనక చక్రాల నిష్పత్తి మారిపోతుంది. పైగా 5.5 అంగుళాల రిమ్ మీద 190 టైరును అదిమి కూర్చోబెడితే దాని గుండ్రదనం చెడి నడుమ మొన తేలుతుంది. డబ్బు పోసి హ్యాండ్లింగ్ పాడుచేసుకోవడమే.

3. ఏ రకం?

ఈ తరం స్పోర్ట్ టూరింగ్ వెనక టైర్లలో చాలావరకు నడుమ గట్టి రబ్బరు, పక్కలకు మెత్తటి రబ్బరు ఉంటాయి. గట్టిది తిన్నటి రోడ్డు మీద అరుగుదల ఆపుతుంది, మెత్తనిది వాలినప్పుడు పట్టునిస్తుంది. రబ్బరులో సిలికా కలపడం వల్ల తడి రోడ్డు మీదా చలిలోనూ పట్టు బాగుంటుంది. గాడులు నీటిని పక్కకు తోస్తాయి. టైరు నిలబడేది ఆ గాడుల మధ్య మిగిలిన రబ్బరు మీదే, అందుకని గాడులు ఎన్ని ఉంటే అంత మంచిదనుకోకండి.

వెనక టైరు నడుమ త్వరగా చదునైపోయేవాళ్లు ఎక్కువ దూరం వస్తుందని పేరున్నది చూసుకోవాలి. పక్కలు ముందు అరిగేవాళ్లు అదే తరగతిలో కాస్త స్పోర్ట్ వైపు మొగ్గేది తీసుకుంటే సుఖపడతారు. ట్రాక్ కోసం చేసిన మెత్తటి టైరు జోలికి మాత్రం పోకండి. అది వేడెక్కితేనే పనిచేస్తుంది, చల్లటి ఉదయం తడి రోడ్డు మీద వేడెక్కే అవకాశమే రాదు.

బరువు సంగతి చాలామంది మరిచిపోతారు. బైకే 250 కిలోలు దాటి, వెనక మనిషీ మూడు పెట్టెలూ ఎప్పుడూ ఉంటే జీటీ అని రాసి ఉన్న గట్టి నిర్మాణపు రకం అడగండి. మిషెలిన్ రోడ్ 6లో రోడ్ 6 జీటీ అని, బ్రిడ్జ్‌స్టోన్ టీ32లో టీ32 జీటీ అని ఇలాంటి వేరే రకాలు ఉన్నాయి. తేలిక బైకుకు ఇదే జీటీ వేస్తే గతుకులన్నీ నడుముకు తగులుతాయి. పేరులో జీటీ ఉన్నంత మాత్రాన అది బరువు రకమే అనుకోకండి: పిరెల్లీ ఏంజెల్ జీటీ 2లో జీటీ మోడల్ పేరులో భాగం, బరువు బైకులకు దాంట్లోనే 'ఏ' (A) అక్షరంతో ఒక స్పెసిఫికేషన్ విడిగా ఉంటుంది.

ముందు వెనక ఒకే మోడల్ వేయండి. వెనకది ముందే అయిపోతుంది, అది సహజం. ముందుది సగం మిగిలి, బైకు తేలిగ్గానే తిరుగుతుంటే వెనకది ఒక్కటే అదే మోడల్‌లో మార్చుకోవచ్చు. ముందుది రంపంలా అయితే జతగా మార్చడమే మేలు, లేకపోతే కొత్త టైరు గుణం మీకు తెలియనే తెలియదు.

4. తేదీ చూసి, దగ్గరుండి వేయించండి

పక్కగోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలు వెతకండి. 2324 అంటే 2024లో 23వ వారం. చల్లగా, చీకటిగా, నిలబెట్టి ఉంచిన టైరు ఏడాది పాతదైనా నష్టం లేదు. మూడేళ్లు దాటినదాన్ని కొత్తదాని ధరకు అంటగడితే మాత్రం వద్దనండి.

వేసేటప్పుడు చూడాల్సినవి:

- పక్కగోడ మీది బాణం చక్రం తిరిగే దిశలోనే ఉండాలి. తిరగేసి వేయడం మీరనుకున్నంత అరుదు కాదు.
- రబ్బరు వాల్వ్ అయితే కొత్తది పెట్టించండి. టైరు మళ్లీ ఊడదీయకుండా దాన్ని మార్చడం కుదరదు.
- టైరు అంచు రిమ్‌లో కూర్చున్నాక, రిమ్ పక్కనే టైరు చుట్టూ ఉండే సన్నటి గీతను చూడండి. చుట్టూరా రిమ్ నుంచి ఒకే దూరంలో ఉండాలి. ఒకచోట లోపలికి మునిగితే టైరు సరిగ్గా కూర్చోలేదు: గాలి తీసి, సబ్బునీళ్లు రాసి మళ్లీ కొట్టాలి.
- టైరు మీద రంగు చుక్క ఉంటే సాధారణంగా అది తేలిక వైపు, వాల్వ్ దగ్గరికి రావాలి. బ్యాలెన్సింగ్‌కు 50, 60 గ్రాములు దాటి బిళ్లలు కావాల్సి వస్తే టైరును రిమ్ మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడమనండి.
- వెనక చక్రం పెట్టాక చైన్ వదులు, యాక్సిల్ నట్టు బిగువు మాన్యువల్ ప్రకారం ఉన్నాయా, ఏబీఎస్ సెన్సర్ వైరు ఎక్కడైనా నలిగిందా చూడండి.

బైకు ఎక్కేముందు ఇంకొక్క పని, అన్నిటికంటే ముఖ్యమైనది. ముందు బ్రేకు లివర్‌నూ వెనక పెడల్‌నూ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కండి. చక్రం తీసి పెట్టినప్పుడు బ్రేకు ప్యాడ్లు వెనక్కి జరిగి ఉంటాయి. మొదటి నొక్కుకు లివర్ హ్యాండిల్‌కు ఆనుకుపోతుంది, బ్రేకు పడదు. అది షాపు గుమ్మంలో తెలియడం వేరు, మొదటి కూడలిలో తెలియడం వేరు.

5. మొదటి 150 కిలోమీటర్లు

కొత్త టైరు పైపొర అచ్చులోంచి వచ్చిన నున్నదనంతో ఉంటుంది. ఒక 150 కిలోమీటర్ల దాకా గట్టిగా యాక్సిలరేటర్ ఇవ్వకుండా, హఠాత్తుగా బ్రేకు కొట్టకుండా, మలుపు మలుపుకూ వాలు కొద్దికొద్దిగా పెంచుతూ పోండి. వానలో ఇంకా నిదానం. పెట్రోలుతోనో ఇంకేదైనా ద్రావకంతోనో టైరు తుడిచి ఈ పని తప్పించుకుందామని చూడకండి, రబ్బరు పాడవుతుంది.

6. గాలి

టైరు ఆయుష్షులో సగం ఇక్కడే ఉంది. మాన్యువల్‌లో రాసిన అంకె (ఈ బైకుల్లో తరచుగా ముందు 36, వెనక 42 పీఎస్‌ఐ, అంటే 2.5, 2.9 బార్) చల్లటి టైరుకు సంబంధించినది. చల్లటి టైరంటే కనీసం మూడు గంటలు నీడలో ఆగి ఉన్నది. బంకు దాకా నడిపి అక్కడ కొలిస్తే అప్పటికే వేడెక్కి ఉంటుంది. చేతిలో పట్టే మంచి గేజ్ ఒకటి కొనుక్కుని, పదిహేను రోజులకోసారి, పెద్ద ప్రయాణానికి ముందు ప్రతిసారీ ఇంట్లోనే చూసుకోండి. బంకు గేజ్‌ను నమ్మకండి, అది ఎన్నిసార్లు నేలకేసి కొట్టుకుందో ఎవరికి తెలుసు.

వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే ఈ టైర్లలో దాదాపు ఒకటిన్నర నుంచి రెండు పీఎస్‌ఐ తగ్గుతుంది. ఎండలు పోయి చలి మొదలయ్యాక బైకు బరువుగా తిరుగుతోందని అనిపించడానికి కారణం తరచుగా ఇదే.

మీరు పెట్టిన గాలి మీ బరువుకు సరిపోతోందా అని తేల్చుకునే దారి ఒకటుంది. చల్లగా ఉన్నప్పుడు కొలిచి రాసుకోండి. మామూలు వేగంతో ఒక గంట నడిపి, ఆపిన వెంటనే మళ్లీ కొలవండి. 36 ఉన్నది 39, 40 మధ్యకు, 42 ఉన్నది 46కు, అంటే సుమారు 10 శాతం పెరిగితే బాగుంది. అంతకంటే బాగా పెరిగితే టైరు లోపల అతిగా నలిగి వేడెక్కుతోంది: గాలి తక్కువైంది, లేదా బరువు ఎక్కువైంది. చాలా తక్కువ పెరిగితే గాలి అవసరానికి మించి ఉండొచ్చు. కొన్ని బైకుల తెర మీద కనబడే ప్రెషర్ 20 డిగ్రీల లెక్కకు సర్దినది, అలాంటి బైకులో ఈ పరీక్షకు చేతి గేజే వాడాలి.

వేడి టైరులో 46 కనబడిందని గాలి వదలకండి. నాలుగు తీసేస్తే మర్నాడు పొద్దున్నకు 38 మాత్రమే ఉంటుంది. వానలో పట్టు పెరుగుతుందని గాలి తగ్గించడం ఇంకో పొరపాటు. గాలి తగ్గితే గాడులు మూసుకుపోతాయి, నీళ్లు బయటకు పోయే దారే మూతపడుతుంది.

నైట్రోజన్? మామూలు గాలిలోనే 78 శాతం అదే. ఉచితంగా కొడితే కొట్టించుకోండి.

7. పంక్చర్

మేకు కనబడగానే పీకేయకండి. చుట్టూ సబ్బునీళ్లు రాయండి. బుడగలు రాకపోతే అది ట్రెడ్‌లోనే ఆగి ఉండొచ్చు. వస్తే చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి, ప్లగ్ కిట్ చేతికి వచ్చాకే తీయండి. తీసేటప్పుడు అది ఏ కోణంలో దిగిందో చూసుకోండి, రంధ్రాన్ని గరుకు చేసే ఆకురాయి పుల్లనూ ప్లగ్‌నూ అదే కోణంలో పంపాలి. అడ్డంగా తోస్తే లోపలి పొరలు తెగుతాయి.

ట్రెడ్ నడుమ భాగంలో, 6 మి.మీ. లోపు రంధ్రాన్ని మాత్రమే బాగుచేయవచ్చు. పక్కగోడలోనో దాని దగ్గరలోనో పడితే ఆ టైరు పని అయిపోయినట్టే. బయట నుంచి పెట్టిన తాడు ప్లగ్ షాపు దాకా చేరుకోవడానికే: గంటకు 80 కిలోమీటర్ల వేగం లోపు నడపండి. షాపులో టైరు విప్పి, లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్ వేయించాలి. విప్పినప్పుడు మీరూ తొంగిచూడండి. లోపల నల్లటి రబ్బరు పొడి రాలుతుంటే గాలి లేకుండా నడిచిన టైరు అది, పక్కగోడ లోపల్నుంచి నలిగింది. ప్యాచ్ ఎంత బాగా వేసినా పనికిరాదు. సీలెంట్ ద్రవం పోసి ఉంటే విప్పేముందే మెకానిక్‌కు చెప్పండి. లేకపోతే అదంతా ఆయన మొహం మీద.

8. ఎప్పుడు తీసేయాలి

గాడుల అడుగున చిన్న దిబ్బలుంటాయి, పక్కన టీడబ్ల్యూఐ అనో బాణం గుర్తో ఉంటుంది. మోటార్‌సైకిల్ టైర్లలో వాటి ఎత్తు సాధారణంగా 0.8 మి.మీ. ట్రెడ్ వాటిని తాకిందంటే టైరు అయిపోయింది. కొన్ని దేశాల చట్టం 1.6 దగ్గరే ఆపమంటుంది. వానలో నడిపేవాళ్లు 2 మి.మీ. దగ్గరే ఆగడం మంచిది, ఆ తర్వాత నీటిని తోసే శక్తి గబగబా పడిపోతుంది. గాడుల్లో పగుళ్లు, పక్కగోడ మీద బుడిపె కనబడితే లోతుతో పనిలేదు. ఐదేళ్లు దాటితే ఏటా ఒకసారి విప్పి చూపించండి. పదేళ్లయితే చూడ్డానికి ఎంత బాగున్నా తీసేయండి.

లోతు కొలిచే చిన్న గేజ్‌తో ప్రతి వెయ్యి కిలోమీటర్లకూ వెనక టైరు నడుమ మూడుచోట్ల కొలిచి ఫోన్‌లో రాసుకోండి. 5,000 కిలోమీటర్లకు 3 మి.మీ. పోయి, ఇప్పుడు 4 మి.మీ. మిగిలిందనుకుందాం. 2 మి.మీ. గీతకు చేరడానికి ఇంకా 3,300 కిలోమీటర్లు పడుతుంది. వచ్చే నెల ప్రయాణం 4,000 అయితే అది చాలదు, పైగా పెట్టెలు నింపుకుని వెళ్లే దారిలో ఆ లెక్క ఇంకా తగ్గుతుంది. టైరు బయల్దేరేముందే మార్చండి, అదీ ఆ 150 కిలోమీటర్లు పూర్తిచేసుకునేంత ముందుగా.