కంప్యూటర్‌కు సొంతంగా బిగించిన వాటర్ కూలింగ్: సమస్య - పరిష్కారం

లూప్‌లో (పంప్, గొట్టాలు, రేడియేటర్ గుండా నీళ్లు తిరిగే దారిలో) నీళ్లు నింపాక కూడా టెంపరేచర్ దిగకపోతే వెంటనే అన్నీ విప్పేయకండి. వేడి ఎంత వేగంగా ఎక్కుతోందో ముందు గమనించండి. లోపం ఏ వైపు ఉందో దాన్నిబట్టే తెలిసిపోతుంది.

లోడ్ పడిన కొన్ని సెకన్లకే ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటుతోంది

ప్రాసెసర్ వేడి నీళ్లలోకి చేరడం లేదన్నమాట. మొదట బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో) పంప్ ఆర్‌పీఎం, అంటే తిరిగే వేగం చూడండి. పంప్ వైరు మదర్‌బోర్డు మీద మామూలు ఫ్యాన్ హెడర్‌లో (ఫ్యాన్ వైరు గుచ్చే చోట) ఉంటే బోర్డు దాని వేగం తగ్గించేయొచ్చు. ఫుల్ స్పీడ్ పెట్టండి. పంప్ బాగానే ఉంటే ప్రాసెసర్ మీద కూర్చునే బ్లాక్ ఊడదీయండి. కొత్త బ్లాక్ అడుగున అంటించి వచ్చే పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే ఉండిపోయిందేమో చూడండి. అదీ కాకపోతే ప్రాసెసర్‌కూ బ్లాక్‌కూ మధ్య పూసిన పేస్ట్ అచ్చు చూడండి. ఒక మూల మందంగా, ఎదుటి మూల పల్చగా కనిపిస్తే స్క్రూలు సమంగా బిగియలేదు. పాత పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది పెట్టి, ఎదురెదురు మూలల స్క్రూలను కొంచెం కొంచెంగా బిగించండి.

గేమ్ మొదలెట్టిన అరగంటకు మెల్లగా ఎక్కుతోంది

ఇక్కడ బ్లాక్ జోలికి వెళ్లక్కర్లేదు. నీళ్లు వేడిని తీసుకుంటున్నాయి, నీళ్లను చల్లార్చే రేడియేటరే దాన్ని గాల్లోకి వదల్లేకపోతోంది. దుమ్ము దులపండి, ఫ్యాన్లు తిరిగే దిశ సరిచూడండి. ప్రాసెసర్, పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ రెండింటికీ కలిపి ఒక్క 240 మి.మీ. రేడియేటర్ చాలదు. మే నెలలో గది 38 డిగ్రీలుంటే నీళ్లు అంతకన్నా చల్లబడవు; అది లోపం కాదు. కానీ పీఈటీజీ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) గొట్టాలు 60 డిగ్రీల దగ్గరికొస్తే మెత్తబడతాయి, నీళ్లను 50 దాటనివ్వకండి.

గరగరమని శబ్దం

గాలి చిక్కుకుంది. రిజర్వాయర్ (నీళ్లు పోసే డబ్బా) మూత బిగించి, కేస్‌ను అటూ ఇటూ వంచుతూ పంప్ ఆపి ఆపి నడపండి. నీళ్లు తగ్గితే పోయండి. పంప్‌ను మాత్రం పొడిగా ఒక్క నిమిషం కూడా తిప్పొద్దు.

గొట్టం బిగించే ఫిట్టింగ్ దగ్గర తడి

ముందు ప్లగ్ పీకేయండి. ఓ-రింగ్ (లోపలి రబ్బరు వలయం) నలిగిందేమో చూసి మార్చండి. తర్వాత బోర్డుకు కరెంటు ఇవ్వకుండా, పవర్ సప్లైకి 24 పిన్ జంపర్ (బోర్డు లేకుండానే సప్లైని ఆన్ చేసే చిన్న ముక్క) పెట్టి పంప్ ఒక్కటే ఒక రోజంతా నడపండి. ప్రతి జాయింట్ కింద టిష్యూ కాగితం పెడితే చిన్న చుక్క కూడా కనిపిస్తుంది.

నీళ్లు మసకబారుతున్నాయి

పచ్చగా, జిగటగా ఉంటే నాచు: లూప్ కడిగి, డిస్టిల్డ్ వాటర్‌లో బయోసైడ్ (నాచును చంపే మందు) కలిపి నింపండి. కుళాయి నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు వద్దు. రాగి బ్లాక్‌కు అల్యూమినియం రేడియేటర్ జత చేసి ఉంటే మాత్రం ఏ మందూ పూర్తిగా కాపాడదు, అల్యూమినియం తుప్పుపట్టి అరిగిపోతూనే ఉంటుంది. ఆ రేడియేటర్ మార్చాల్సిందే.