పాలిమర్ బ్లెండ్ టీజీని డీఎస్సీలో సరిగ్గా కొలవడం ఎలా?

టీజీ అంటే గాజులా గట్టిగా ఉన్న పాలిమర్ వేడికి మెత్తబడే ఉష్ణోగ్రత. డీఎస్సీ అంటే శాంపిల్‌ని వేడి చేస్తూ అది ఎంత వేడి తీసుకుంటుందో గ్రాఫ్‌గా గీసే పరికరం, అందులో టీజీ ఒక మెట్టులా కనిపిస్తుంది. ముందు తేలిక పనులు. ఇండియం లోహంతో కాలిబ్రేషన్ చూసుకోండి, 156.6 డిగ్రీల దగ్గర కరగాలి. నైట్రోజన్ వదలండి. శాంపిల్ 5 నుంచి 10 మిల్లీగ్రాములు చాలు, కానీ పలచగా, పాన్ అడుగుకి ఆనుకుని ఉండాలి. సాల్వెంట్‌లో కలిపి ఆరబెట్టిన బ్లెండ్ అయితే బరువు తగ్గడం ఆగేదాకా వాక్యూమ్ ఓవెన్‌లోనే ఉంచండి. కాస్త టోలీన్ మిగిలినా టీజీ కిందికి దిగిపోతుంది.

ఇక అందరూ పాడుచేసేది మొదటి హీటింగ్. గాజు స్థితిలో అణుగొలుసులు పూర్తిగా ఆగిపోవు, చాలా నెమ్మదిగా సర్దుకుంటూనే ఉంటాయి, దాంతో ఎంథాల్పీ (లోపల ఉన్న వేడి శక్తి) తగ్గుతూ వస్తుంది. వేడి చేయగానే ఆ తగ్గిందంతా టీజీ దగ్గర ఒక్కసారిగా తిరిగి తీసుకుంటాయి కాబట్టి మెట్టు చివర ఒక పీక్ లేస్తుంది. దాన్ని చూసి కరుగుతోందని రాసేస్తారు. మామూలు అటాక్టిక్ (అణుగొలుసు అమరికలో క్రమం లేని) పాలీస్టైరీన్‌లో స్ఫటికాలే లేవు, కరగడానికి ఏముంది? అందుకే మొదటి హీటింగ్ పాత చరిత్ర చెరపడానికి మాత్రమే, టీజీ చదవాల్సింది రెండోదాంట్లో.

అలాగని కళ్లు మూసుకుని 200 దాకా తీసుకెళ్లకండి. పాలీస్టైరీన్, పాలీవినైల్ మిథైల్ ఈథర్ బ్లెండ్ చూడండి. టోలీన్‌లోంచి ఫిల్మ్ చేస్తే అద్దంలా వస్తుంది, ఒకే టీజీ ఇస్తుంది. మరీ వేడెక్కిస్తే తెల్లబడి రెండు ఫేజ్‌లుగా విడిపోతుంది, అప్పుడు మీరే విడగొట్టిన బ్లెండ్‌ని కొలిచి "ఇవి కలవవు" అని రిపోర్ట్ రాస్తారు. కాబట్టి ముందు ఒక ముక్కని హాట్ స్టేజ్ (వేడి చేసే పలక) మీద పెట్టి ఎక్కడ మసకబారుతుందో చూడండి, డీఎస్సీలో ఆ దరిదాపులకి వెళ్లొద్దు. తెల్లబడని బ్లెండ్ అయితే ఎక్కువ టీజీ ఉన్న పాలిమర్‌కి 30 డిగ్రీలు పైకి వెళ్లి, రెండు మూడు నిమిషాలు ఆగితే సరిపోతుంది.

చల్లార్చడం కూడా నిమిషానికి 10 డిగ్రీల చొప్పునే, మళ్లీ వేడి చేయడమూ అంతే. టైమ్ లేదని మూత తీసి చల్లార్చేవాళ్లతో నాకు మాటల్లేవు. చల్లార్చే వేగం పది రెట్లు మారితే టీజీ 3 నుంచి 5 డిగ్రీలు జరుగుతుంది. మెట్టు స్పష్టంగా కనిపిస్తుందని కొందరు వేడి చేసే వేగం 20 పెడతారు, కనిపిస్తుంది, నిజమే, అయినా 10 దాటొద్దు. డీఎంఏ (శాంపిల్‌ని ఊపుతూ దాని గట్టిదనం కొలిచే పరికరం) మేలనేవాళ్లూ ఉన్నారు. అందులో టీజీగా చదివే టాన్ డెల్టా పీక్ ఊపే ఫ్రీక్వెన్సీతో పాటు జరుగుతుంది, సాధారణంగా డీఎస్సీ టీజీ కంటే పైనే ఉంటుంది, రెండింటినీ ఒకే టేబుల్లో కలిపేయకండి.

మెట్టు మధ్య బిందువు తీసుకుని, విడి పాలిమర్ల టీజీల నుంచి బ్లెండ్ టీజీని అంచనా వేసే ఫాక్స్ సమీకరణంతో పోల్చండి, కెల్విన్‌లో. పాలీస్టైరీన్ టీజీ 100, పీపీఓ (పాలీఫినైలీన్ ఆక్సైడ్) టీజీ 215 డిగ్రీల సెల్సియస్ అనుకుంటే, బరువులో సగం సగం బ్లెండ్‌కి దాదాపు 150 డిగ్రీలు రావాలి. సెల్సియస్‌లోనే లెక్కకట్టేస్తే 137 వస్తుంది, ఆపైన తప్పు బ్లెండ్ మీదకి నెడతారు.

ఒకే టీజీ వచ్చిందని కలిసిపోయాయనీ అనకండి. పాలీస్టైరీన్, పీఎంఎంఏ (పాలీమిథైల్ మెథాక్రిలేట్) కలవవు, కానీ వాటి టీజీలు 100, 105 దగ్గర ఉండేసరికి డీఎస్సీ రెండింటినీ ఒకే మెట్టుగా చూపిస్తుంది. ఇలాంటప్పుడు ఇందాక చెరిపేసిన పీకే పనికొస్తుంది. చరిత్ర చెరిపిన శాంపిల్‌ని టీజీకి ఓ 15 డిగ్రీలు కింద కొన్ని గంటలు ఉంచి మళ్లీ వేడి చేయండి. ఒక్కో ఫేజ్ తన వేగంతో సర్దుకుంటుంది కాబట్టి రెండు పీకులు విడివిడిగా లేచే అవకాశం ఉంది. విడిపోకపోతే ఇంకాసేపు ఉంచి చూడండి.