రోజియర్ ‘సిలువ దింపుడు’ చిత్రాన్ని చూడవలసిన తీరు

ఫ్లాండర్స్ ప్రాంతపు చిత్రకారుడు రోజియర్ వాన్ డెర్ వైడెన్ సుమారు 1435లో ఓక్ చెక్క పలకలపై తైలవర్ణాలతో వేసిన ‘సిలువ దింపుడు’ ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. అక్కడికి వెళ్లలేనివారు మ్యూజియం వెబ్‌సైటులోని చిత్రాన్ని కంప్యూటరు తెరపై పెద్దది చేసుకుని చూడవచ్చు. ఫోన్ తెర చాలదు. అసలు చిత్రం రెండున్నర మీటర్లకు పైగా వెడల్పు ఉంటుంది, అందులోని మనుషులు ఇంచుమించు మన ఎత్తే ఉంటారు.

మొదట ముఖాల జోలికి పోకుండా కాస్త దూరంగా నిలబడి, కళ్లు సగం మూసి, శరీరాల వంపులను మాత్రమే గమనించండి. సిలువ మీద నుండి దింపుతున్న యేసు దేహం ఏ వంపు తిరిగి వేలాడుతోందో, కింద స్పృహ తప్పి ఒరిగిపోతున్న మరియమ్మ దేహం కూడా సరిగ్గా అదే వంపు తిరిగి ఉంటుంది. చిత్రానికి ఆయువుపట్టు ఇదే. కొడుకు పడిన వేదనను తల్లి తన దేహంతోనే పడింది అన్న భావాన్ని ఆనాటి క్రైస్తవులు లాటిన్‌లో ‘కొంపాస్సియో’ అనేవారు. ఆ మాటకు కలిసి బాధపడటమని అర్థం. మనం వాడే ‘కరుణ’ దానికి పూర్తిగా సరిపోదు, ఎందుకంటే కరుణ చూపేవారు కొంత ఎడంగా, కొంత ఎత్తున ఉన్నట్టు తోస్తుంది. యోహాను సువార్త తల్లి సిలువ దగ్గర నిలిచి ఉందని మాత్రమే చెబుతుంది గాని మూర్ఛపోయిందని చెప్పదు కనుక, బైబిలు చదివినవారికి ఈ మార్పు వెంటనే తెలుస్తుంది.

తరువాత చిత్రంలోని చోటును కొలవండి. పదిమంది మనుషులు, నిచ్చెన, సిలువ అన్నీ మనిషి భుజాల వెడల్పును మించని లోతుగల బంగారు రంగు గూటిలో ఇరుక్కుని ఉన్నాయి. సిలువ అడ్డకొయ్య యేసు చేతులు చాచితే చాలేంత పొడవు కూడా లేదు. ఇది పొరపాటు కాదు. దృశ్యం వెనక్కి పోవడానికి ఆకాశం గాని, కొండలు గాని లేకపోవడం వల్ల ఆ దుఃఖమంతా మన వైపుకే తోసుకువస్తుంది. ఎడమ చివర ఎర్రని వస్త్రాలలో వంగిన శిష్యుడు యోహాను, కుడి చివర చేతులు పెనవేసుకుని ముడుచుకుపోయిన యేసు అనుచరురాలు మగ్దలేనే మరియ, ఆ గుంపును రెండు బ్రాకెట్లలా బిగించి పట్టుకున్నారు.

ఇక దగ్గరకు వచ్చి కన్నీళ్లను వెతకండి. ఎవరూ నోరు తెరిచి రోదించరు, బొట్టు వెంట బొట్టుగా జారే నీళ్లే వారి దుఃఖాన్ని తెలుపుతాయి. ఎండే నూనెలో రంగు కలిపి, పారదర్శకమైన పలుచని పొరలను ఒకదానిపై ఒకటి వేసే నైపుణ్యం వల్లనే, చర్మం మీద నిలిచిన నీటిబొట్టు, దాని అంచున మెరిసే వెలుగు సాధ్యమయ్యాయి. గుడ్డుసొన కలిపిన రంగులు చప్పున ఎండిపోతాయి కనుక వాటితో ఇంత మెత్తని మార్పు కష్టం. మరియమ్మ నీలి వస్త్రానికి వాడిన లాపిస్ లాజులి, ఆ రోజుల్లో ఆఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుండి యూరపుకు చేరే ఖరీదైన రాయి. పాలిపోయిన ఆమె ముఖం పక్కన ఆ నీలం మరింత బరువుగా కనిపిస్తుంది.

పై మూలల నగిషీలో చిన్న చిన్న క్రాస్‌బో విల్లులు కనిపిస్తాయి. ఈ చిత్రాన్ని వేయించుకున్నది ఇప్పటి బెల్జియంలోని లూవెన్ పట్టణపు విలుకాండ్ర సంఘం గనుక, అవి వారి గుర్తులు. పదహారో శతాబ్దంలో హంగరీ రాణి మేరీ దీనిని తీసుకుని, బదులుగా వారి ప్రార్థనాలయానికి చిత్రకారుడు మైకేల్ కాక్సీ వేసిన నకలును ఇచ్చింది. అసలు చిత్రం ఆమె మేనల్లుడు, స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ చేతికి, అలా స్పెయిన్‌కు చేరింది.

కింద ఎడమ వైపున నేల మీద పుర్రె ఒకటి ఉంది. యేసును సిలువ వేసిన గొల్గొతాలోనే తొలి మనిషి ఆదాము సమాధి ఉందన్న పాత నమ్మకానికి అది గుర్తు. మరియమ్మ కుడిచేయి దాని వైపు జారుతోంది. అక్కడి నుండి చూపును ఆమె రెండో చేతి మీదికి తీసుకువెళ్లండి: వేలాడుతున్న యేసు కుడిచేయి దాని దగ్గరగా వచ్చి, తాకకుండా ఆగిపోయింది.